సెల్లు లేని చీటీ

సంక్రాంతికి మామయ్యను కారులో ఊరికి తీసుకెళ్తుంటే, విజయవాడ హైవే మీద ఒక టోల్ గేటు దగ్గర మా ఫాస్టాగ్ పలకలేదు. వెనక హారన్ల మోత. ఒక కుర్రాడు చేతి రీడరు పట్టుకుని పరుగున వచ్చి అద్దానికి ఆనించగానే బీప్ మంది, అడ్డకర్ర లేచింది. మామయ్య కరెంటాఫీసులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. ఆ స్టిక్కరును లోపలి నుంచి వేలితో తడిమి, "ఒరేయ్, సెల్లు అయిపోయిందేమో చూడరా. ఇంతకీ దీనికి సెల్లు ఎక్కడ వేస్తారు?" అన్నాడు.

"దీనికి సెల్లుండదు మామయ్యా."

"సెల్లు లేకుండా ఎట్లా మాట్లాడుతుందిరా?"

మాట్లాడదు. చిన్నప్పుడు ఎండలో అద్దం ముక్క పట్టుకుని ఎదురింటి గోడ మీద వెలుతురు ఆడించిన వాళ్లకు దీని సంగతి సగం తెలిసినట్టే. వెలుగు సూర్యుడిది. అద్దాన్ని కాస్త వంచితే గోడ మీద వెలుగు మాయం, తిప్పితే మళ్లీ ప్రత్యక్షం. మూడుసార్లు మెరిపిస్తే 'రా' అనీ, రెండుసార్లు మెరిపిస్తే 'మా అమ్మ ఉంది, రావద్దు' అనీ ఒప్పందం పెట్టుకుంటే, ఒక్క పైసా కరెంటు లేకుండా కబురు చేరుతుంది. టోల్ గేటు పైన కట్టిన యాంటెనా సూర్యుడైతే, కారు అద్దానికి అంటించినది ఆ అద్దం ముక్క. తన మీద పడిన రేడియో తరంగాన్ని ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా వెనక్కి కొడుతుంది. ఆ హెచ్చుతగ్గుల్లోనే దాని నంబరు ఉంటుంది. రేడియో తరంగంతో వస్తువును గుర్తుపట్టే ఈ పద్ధతి పేరే ఆర్‌ఎఫ్‌ఐడీ. కాకపోతే ఈ అద్దాన్ని వంచే చెయ్యి కూడా ఆ వెలుగులోంచే తన తిండి తాను తీసుకోవాలి. కష్టమంతా అక్కడే.

కొత్త చొక్కాకు వేలాడే అట్ట చీటీల్లో కొన్ని మామూలు కంటే మందంగా ఉంటాయి. ఒకదాన్ని తీసి ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకుని చూడండి. కాగితం పొరల మధ్య అల్యూమినియం గీత ఒకటి పాములా మెలికలు తిరిగి ఉంటుంది. అది యాంటెనా. మన దేశంలో ఈ రకం ట్యాగ్‌లు పనిచేసేది 865 మెగాహెర్ట్‌జ్ దగ్గర. ఆ తరంగం పొడవు సుమారు 35 సెంటీమీటర్లు. అందులో సగం, అంటే జానెడుకు కాస్త తక్కువ పొడవున్న తీగ దాన్ని బాగా పట్టుకుంటుంది. జానెడు తీగ చీటీలో పట్టదు కాబట్టి ఆ మెలికలు. మధ్యలో ఆవగింజ కంటే చిన్న నల్లటి చుక్క చిప్పు. దాని ధర, పరిమాణం, తెలివి, వీటన్నిటికంటే ముఖ్యమైన లెక్క ఒకటుంది: ఆ చుక్క మేలుకోవడానికి ఎంత కరెంటు కావాలి?

గేటు మీది రీడరుకు మన దేశంలో అనుమతించిన బలం 4 వాట్లు. అది పది మీటర్ల దూరం వచ్చేసరికి గాలిలో విస్తరించి, ట్యాగ్ చేతికి చిక్కేది కొన్ని పదుల మైక్రోవాట్లే. నేటి మేలైన చిప్పులకు అందులో పది మైక్రోవాట్లు కూడా అక్కర్లేదు. ఇంట్లో వెలిగే 9 వాట్ల ఎల్ఈడీ బల్బు తినేదాంట్లో పది లక్షల వంతుతో బతుకు వెళ్లదీస్తాయి. దూరం రెట్టింపైతే ట్యాగ్‌కు అందేది నాలుగో వంతు. తిరిగి వచ్చే మెరుపు కూడా దారిలో అలాగే పలచబడుతుంది కాబట్టి, రానూ పోనూ కలిపి రీడరుకు చేరేది పదహారో వంతు. రీడరుకు కరెంటుకు కొదవ లేదు గనుక చెవులు రిక్కించి వింటుంది. ట్యాగ్‌ను నిద్ర లేపడమే కష్టం. కొందరు ట్యాగ్‌ను అద్దానికి అంటించకుండా చేత్తో పట్టుకుని చూపిస్తారు. చెయ్యంటే ఉప్పునీళ్ల సంచి. అది తరంగాన్ని మింగేస్తుంది, యాంటెనా శ్రుతిని కూడా తప్పిస్తుంది. లోహపు పూత ఉన్న కారు అద్దాలతోనూ ఇదే తంటా. మా కారు గేటు దగ్గర ఎందుకు మొండికేసిందో నేను ఖాయంగా చెప్పలేను గానీ, అద్దం పై అంచున మామయ్య ఎండకు అడ్డంగా దోపిన మెరుపు రేకు మీద నాకు అనుమానం. ఆ మాట ఆయనతో అనలేదు.

ఈ విద్యలో తొలి ఘనకార్యం దొంగతనమే. 1945లో మాస్కోలో సోవియట్ పిల్లలు అమెరికా రాయబారి ఎవరెల్ హారిమన్‌కు చెక్కతో చెక్కిన అమెరికా రాజముద్రను బహుమతిగా ఇచ్చారు. ఆయన దాన్ని తన గదిలో గోడకు తగిలించుకున్నాడు. ఆ ముద్ర లోపల, సంగీతవాద్యం కనిపెట్టి పేరు తెచ్చుకున్న లియోన్ థెరెమిన్ తయారుచేసిన ఒక చిన్న లోహపు డబ్బా, పలచని పొర, ఒక తీగ ఉన్నాయి. సెల్లు లేదు, వైరు లేదు. వెతికేవాళ్లకు ఏం దొరుకుతుంది? బయటి నుంచి రేడియో తరంగం విసిరినప్పుడు మాత్రం, గదిలో మాటలకు ఆ పొర అదిరి, తిరిగి వెళ్లే తరంగంలో ఆ అదురు చేరేది. 1952 దాకా అది బయటపడలేదు. అందులో నంబరూ లేదు, చిప్పూ లేదు గనుక దాన్ని ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగ్ అనడం పెద్ద మాటే. కానీ సెల్లు ఎప్పుడూ అడిగేవాడి దగ్గరే ఉంటుంది అన్న సూత్రం అప్పటికే పూర్తయింది.

1948లో హ్యారీ స్టాక్‌మన్ అనే ఇంజనీరు ఇలా ప్రతిఫలించిన శక్తితో కబుర్లు పంపడం గురించి పరిశోధన పత్రం రాశాడు. ఆలోచన సరైనదే, కాలం కలిసిరాలేదు. ట్రాన్సిస్టరు పుట్టి అప్పటికి ఏడాది కూడా కాలేదు. మారియో కార్డులో అనే ఆయన జ్ఞాపకశక్తి ఉన్న ట్యాగ్‌కు 1973లో పేటెంటు తీసుకున్నాడు. దాని తొలి నమూనాను 1971లోనే న్యూయార్క్ పోర్ట్ అథారిటీకి చూపించాడు. ఎందుకనుకున్నారు? టోల్ వసూలు కోసమే. మన దగ్గర నందన్ నీలేకని కమిటీ సెల్లు లేని ఈ రకం ట్యాగే టోల్‌కు మేలని 2010లో సిఫారసు చేసింది. 2021 ఫిబ్రవరి నుంచి జాతీయ రహదారుల మీద ఫాస్టాగ్ తప్పనిసరైంది.

ఈ మధ్యలో ఒక పెద్ద హడావిడి, ఒక పెద్ద చల్లారడం కూడా జరిగాయి. 1999లో ఎంఐటీలో మొదలైన ఆటో-ఐడీ సెంటర్ పెట్టుకున్న లక్ష్యం ట్యాగ్ ధరను 5 సెంట్లకు దించడం. బార్‌కోడ్ ఒక రకం సబ్బులన్నిటికీ ఒకటే నంబరు ఇస్తుంది. వీళ్లు ఏ సబ్బుకు ఆ సబ్బుకు విడి నంబరు ఇద్దామన్నారు. చిప్పులో ఎక్కువ సరుకు పెడితే ధర, కరెంటు రెండూ పెరుగుతాయి కాబట్టి అందులో నంబరు మాత్రం ఉంచి, మిగతా వివరమంతా కంప్యూటర్లకు వదిలేశారు. నా దృష్టిలో ఈ రంగంలో అన్నిటికన్నా తెలివైన నిర్ణయం అది. 2003లో వాల్‌మార్ట్ తన వంద పెద్ద సరఫరాదారులను 2005 జనవరికల్లా పెట్టెలకు ట్యాగ్‌లు అంటించమంది. నీళ్ల సీసాలు, రేకు డబ్బాలు నిండిన పెట్టెలు తరంగాలకు లొంగలేదు. ఖర్చు ఒకరిది, లాభం ఇంకొకరిది కావడంతో ఉత్సాహమూ చల్లారింది. చివరికి దాన్ని నిలబెట్టింది బట్టలు. గుడ్డలో నీళ్లుండవు, లోహముండదు. సైజులు, రంగులు లెక్కలేనన్ని. కౌంటరు దగ్గర బట్టలన్నీ తొట్టిలో వేస్తే చాలు, బిల్లు దానంతటదే వస్తుంది. డెకాథ్లాన్ లాంటి దుకాణాల్లో మనవాళ్లూ దాన్ని చూసే ఉంటారు.

ఆ తొట్టిలో ఇరవై చీటీలు ఒకేసారి మెరిస్తే రీడరుకు గోల తప్ప ఏమీ వినపడదు కదా? ఇక్కడ నాకు బాగా నచ్చే ఆట ఒకటుంది. రీడరు ముందుగా "సున్నా నుంచి పదిహేను దాకా తలా ఒక చీటీ తీసుకోండి" అంటుంది. ప్రతి ట్యాగూ తనలో తాను ఒక అంకె అనుకుంటుంది. సున్నా వచ్చినది పలుకుతుంది. తర్వాత రీడరు "ఒకటి తగ్గించుకోండి" అన్న కొద్దీ ఎవరి అంకె సున్నాకు దిగితే వాళ్ల వంతు. పలికేటప్పుడు కూడా మొదటే అసలు పేరు చెప్పదు. అప్పటికప్పుడు అల్లిన 16 బిట్ల ఉత్తుత్తి సంఖ్య చెబుతుంది. రీడరు ఆ సంఖ్యను తిరిగి అప్పజెబితేనే, "అయితే నా మాట విన్నావన్నమాట" అనుకుని అసలు నంబరు బయటపెడుతుంది. రెండు ట్యాగ్‌లు ఒకేసారి పలికితే గజిబిజి. రీడరు ఏదీ సరిగా అప్పజెప్పలేదు, రెండూ తర్వాతి విడతకు ఆగుతాయి. గొడవలు ఎక్కువైతే రీడరు చీటీల సంఖ్య పెంచుతుంది, ఖాళీలు ఎక్కువైతే తగ్గిస్తుంది. లెక్కకు వచ్చినవి నోరు మూసుకుని కూర్చుంటాయి. ఇదంతా సెకనుకు వందల ట్యాగ్‌ల చొప్పున సాగిపోతుంది. మొదటిసారి ఇది చదివినప్పుడు మా ఊళ్లో రేషన్ షాపు ముందు క్యూ గుర్తొచ్చి నవ్వుకున్నాను.

మెట్రో కార్డు, ఆఫీసు తలుపు కార్డు మరో తెగ. వాటిలో అద్దం ఆట లేదు. కార్డు అంచుల వెంట తీగ చుట్లు ఉంటాయి. రీడరులోని చుట్టకూ వీటికీ మధ్య ట్రాన్స్‌ఫార్మర్ సంబంధం. ఇది మామయ్యకు వెంటనే అర్థమైంది. కొన్ని సెంటీమీటర్లు దాటితే ఆ బంధం తెగిపోతుంది. పెంపుడు కుక్కల చర్మం కింద పెట్టే బియ్యపు గింజంత చిప్పు కూడా ఈ తెగదే. గేదెల చెవులకు కనిపించే పసుపు పచ్చ బిళ్లలను మాత్రం చాలామంది ఇదే అనుకుంటారు. వాటి మీద ఉన్నది 12 అంకెల నంబరు, బార్‌కోడ్ అంతే. రేడియో లేదు.

టోల్ గేటు కంటే నాకు ఆశ్చర్యంగా తోచే చోటు రైలు పట్టాలు. లింగంపల్లి, వికారాబాద్, వాడి లైనులో ప్రయాణించిన వాళ్లు తెలియకుండానే వందల ట్యాగ్‌ల మీదుగా వెళ్లారు. రైళ్లు గుద్దుకోకుండా ఆపే కవచ్ వ్యవస్థకు దక్షిణ మధ్య రైల్వే తొలి ప్రయోగశాల. పట్టాల మధ్య స్లీపర్ల మీద సెల్లు లేని ట్యాగ్‌లు బిగిస్తారు. సుమారు కిలోమీటరుకొకటి, సిగ్నళ్ల దగ్గర విడిగా. ఇంజన్ అడుగున ఉన్న రీడరు వాటి మీదుగా పోతూ 'నేనిప్పుడు ఫలానా చోట ఉన్నాను' అని తెలుసుకుంటుంది. రెండు ట్యాగ్‌ల మధ్య చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్క వేసుకుంటుంది. తర్వాతి ట్యాగ్ రాగానే ఆ లెక్కలో తప్పును దిద్దుకుంటుంది. శాటిలైటును అడగొచ్చు కదా అంటే, పక్కపక్కనే నాలుగైదు మీటర్ల ఎడంతో ఉన్న రెండు లైన్లలో ఏ లైను మీద ఉన్నామో తేల్చడం దానితో నమ్మకమైన పని కాదు. ట్యాగ్ తన లైనుకే మేకు కొట్టినట్టు ఉంటుంది. గంటకు 160 కిలోమీటర్ల వేగంలో ఒక మీటరు దాటడానికి 22 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ లోపే వెలుగు పడాలి, చిప్పు లేవాలి, నంబరు చెప్పాలి. దుమ్ములో, వానలో, నూనె మరకల కింద, ఏళ్ల తరబడి. మార్చడానికి సెల్లు లేకపోవడం ఇక్కడ వరం. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్టిగిద్ద స్టేషన్ల మధ్య రెండు ఇంజన్లను ఒకే పట్టా మీదికి వదిలారు. రైల్వే మంత్రి ఒక దాంట్లో కూర్చున్నారు. వెనక ఇంజన్‌ను కవచ్ 380 మీటర్ల ముందే ఆపేసింది.

వెలుగు ఎవరు వేసినా మెరవడం అద్దం గుణం. ఈ రంగంలో భయాలన్నీ ఇక్కడి నుంచే పుట్టాయి. కొన్ని ఒట్టివి. 2022లో ఒక వీడియో మన ఫోన్లన్నిటిలో తిరిగింది. కారు అద్దం తుడిచే పిల్లాడు చేతి వాచీతో ఫాస్టాగ్‌లోని డబ్బు కొట్టేస్తున్నట్టు. అది కల్పన. ట్యాగ్‌లో డబ్బుండదు, నంబరుంటుంది. ఆ నంబరు చూపించి బ్యాంకును డబ్బు అడిగే హక్కు నమోదైన గేట్లకే ఉంది. కానీ నంబరు చదివినంత మాత్రాన ఏం పోతుందిలే అని కొట్టిపారేయడం కూడా సరి కాదు. రోజూ అదే నంబరు అదే వీధి మలుపులో మెరిస్తే, పేరు తెలియకపోయినా మనిషి తెలుస్తాడు. 2003లో బెనెటన్ కంపెనీ బట్టల్లో ట్యాగ్‌లు కుడుతుందన్న వార్త బయటికి రాగానే జనం బహిష్కరణకు దిగారు, కంపెనీ వెనక్కి తగ్గింది. అందుకే కొత్త ప్రమాణాల్లో ట్యాగ్‌ను శాశ్వతంగా చంపేసే ఆజ్ఞ ఒకటి పెట్టారు, దానికి 32 బిట్ల రహస్య సంఖ్య కావాలి. మనకు ఇప్పుడిప్పుడే వస్తున్న ఈ-పాస్‌పోర్టుల చిప్పులో ఇంకో పద్ధతి ఉంది. లోపలి పేజీలో అచ్చయిన వరుసలను ముందు చదివితేనే తాళం దొరుకుతుంది. పుస్తకం తెరిచి చేతికిచ్చిన వాడికి తప్ప చిప్పు నోరు విప్పదు. జేబు పక్కన నిలబడి ఎంత వెలుగు వేసినా లాభం లేదు.

తాళాలు బలహీనంగా ఉంటే ఏమవుతుందో 2008లో తేలింది. ఎన్నో దేశాల బస్సు, రైలు కార్డుల్లో వాడిన మైఫేర్ క్లాసిక్ చిప్పు గుప్తలిపిని నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయం వాళ్లు విప్పేశారు. ఫలితాలు ప్రచురించవద్దని కంపెనీ కోర్టుకెళ్లినా కోర్టు ఒప్పుకోలేదు. గట్టి తాళానికి ఎక్కువ లెక్క, ఎక్కువ లెక్కకు ఎక్కువ కరెంటు. మళ్లీ మామయ్య సెల్లు దగ్గరికే వచ్చాం.

చిప్పును చిన్నది చేయడంలో హిటాచి 2007లోనే 0.05 మిల్లీమీటర్ల దాకా వెళ్లింది. పొడిలా ఉండేది. దానితో లోకం మారిపోతుందన్నారు. చిప్పు ఎంత చిన్నదైనా వెలుగు పట్టే తీగ చిన్నది కాదు కదా, అందుకే అది వార్తగానే మిగిలింది. అసలు మలుపు వేరే వైపు వచ్చింది. 2013లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు అసలు రీడరు వెలుగే అక్కర్లేదన్నారు. టీవీ టవర్ల తరంగాలు రాత్రీ పగలూ గాలిలో ఉన్నవే కదా, వాటినే మెరిపిద్దాం అని రెండు సెల్లు లేని పరికరాలను ఒకదానితో ఒకటి మాట్లాడించారు. దూరం రెండున్నర అడుగులు, వేగం సెకనుకు వెయ్యి బిట్లు. చూడ్డానికి ఏమంత కాదు. అయితే ఇప్పుడు మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ కూడా సెల్లు లేని పరికరాలను ఫోన్ల నెట్‌వర్కులోకి తెచ్చే పని తన 19వ విడతలో మొదలుపెట్టింది. అది కుదిరితే ప్రత్యేకంగా గేటూ రీడరూ కట్టకుండానే గోదాములో బస్తా, కొరియర్లో పెట్టె మెరవొచ్చు.

తిరుగు ప్రయాణంలో ఇదంతా మామయ్యకు చెప్పాను. గేటు దగ్గర ఈసారి ట్యాగ్ మొదటి దెబ్బకే పలికింది, రేకు డిక్కీలో ఉంది కాబట్టి. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. సూర్యాపేట దాటాక అడిగాడు:

"అయితే ఆ టీవీ టవరు కరెంటు బిల్లు ఎవరు కడతార్రా?"