ఛార్జింగ్ ఎందుకు ఎక్కడం లేదు?

ఆమధ్య ఒక రాత్రి నా ఫోన్ 4 శాతానికి వచ్చింది. కేబుల్ పెట్టాను, ఉలుకూ పలుకూ లేదు. తీసి మళ్లీ పెట్టాను. పిన్ను కాస్త పక్కకి వంచి పట్టుకుంటే మెరుపు గుర్తు వచ్చేది, చెయ్యి వదిలితే పోయేది. పది నిమిషాలు అలా కాపలా కాసి, విసుగొచ్చి పిన్ను తిరగేసి పెట్టాను. ఎక్కింది! టైప్-సి పిన్ను ఎటు పెట్టినా ఒకటే అంటారు కదా, మరి ఒకవైపే ఎందుకు పనిచేసింది?

ప్లగ్ పెట్టగానే కొళాయి తిప్పినట్టు కరెంటు ఫోన్‌లోకి వచ్చి పడుతుందనుకుంటాం. అలా పడదు. ఎంత కావాలో ఫోన్ అడుగుతుంది, ఎంత ఇవ్వగలదో అడాప్టర్ చెబుతుంది, ఒప్పందం కుదిరాకే అసలు ఛార్జింగ్ మొదలవుతుంది. ఛార్జింగ్ ఎక్కడం లేదంటే చాలాసార్లు ఏదో కాలిపోయిందని కాదు. ఈ మాటలు మధ్యలో ఎక్కడో తెగిపోయాయని, లేదా ఫోనే వద్దంటోందని అర్థం.

టార్చ్ వేసి టైప్-సి రంధ్రంలోకి చూస్తే మధ్యలో చిన్న నాలుకలాంటి పలక కనిపిస్తుంది. మందం మిల్లీమీటరు కూడా ఉండదు. దాని మీద పైన 12, కింద 12, మొత్తం 24 లోహపు గీతలుంటాయి, ఒక్కోదానికీ మధ్య దూరం అర మిల్లీమీటరు. పైన ఉన్నవే కిందా ఉంటాయి కాబట్టి పిన్ను ఎటు పెట్టినా పనిచేస్తుంది. మాట్లాడుకునే గీతలు వీటిలో రెండు, పైన ఒకటి, కింద ఒకటి. వాటిని సీసీ (కాన్ఫిగరేషన్ ఛానెల్) గీతలంటారు. కేబుల్‌లో మాత్రం సీసీ తీగ ఒక్కటే ఉంటుంది. పిన్ను ఒకవైపు పెడితే ఆ తీగ పై సీసీకి తగులుతుంది, తిరగేస్తే కింది సీసీకి. ఫోన్ లోపల ఒక్కో సీసీకి 5.1 కిలో ఓంల నిరోధం, అంటే కరెంటుని అడ్డుకునే చిన్న భాగం, కలిపి ఉంటుంది. రెండు చివర్లా టైప్-సి ఉన్న కేబుల్ వాడుతుంటే, ఆ నిరోధం తగిలేదాకా అడాప్టర్ 5 వోల్టులు కూడా బయటికి వదలదు. అవతల ఉన్నది ఫోనో, ఇంకేదో దానికి తెలియాలి మరి.

అంటే ఒకవైపు ఎక్కి రెండోవైపు ఎక్కకపోతే అడాప్టర్ మంచిదే, బ్యాటరీ మంచిదే. ఆ ఒక్క వైపు ఏదో అడ్డం పడింది, లేదా అరిగింది. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. ఇంకో విషయం, పాత వెడల్పాటి యూఎస్‌బీ రంధ్రమున్న అడాప్టర్లలో 5 వోల్టులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి, ఎవరినీ అడగవు. కొత్త అడాప్టర్‌తో అస్సలు ఎక్కని ఫోన్ పాతదానితో మెల్లగా ఎక్కడానికి ఒక కారణం ఇదే కావచ్చు.

నా ఫోన్‌లో అడ్డం పడింది దుమ్మే. జేబులో బట్టల నూగు రంధ్రంలోకి చేరుతుంది. మనం కేబుల్ పెట్టిన ప్రతిసారీ పిన్ను దాన్ని లోపలికి కూరుతుంది. నెలల తరబడి అలా కూరితే అది దుమ్ములా ఉండదు, దళసరి గుడ్డముక్కలా గట్టిపడుతుంది. అందుకే ఊదితే రాదు, పైగా ఊదితే నోటి తడి లోపలికి పోతుంది. గుర్తుపట్టడం సులువు. పిన్ను పూర్తిగా దిగదు, అంచు దగ్గర సన్నటి సందు మిగిలిపోతుంది, లోపలికి వెళ్లినప్పుడు వచ్చే చిన్న టిక్కు చప్పుడు కూడా రాదు. ఫోన్ స్విచాఫ్ చేసి, చెక్క టూత్‌పిక్ మొనని చాకుతో ఇంకా పలచగా చెక్కి, నాలుక పలకని తాకకుండా గోడల వెంట, అడుగున మెల్లగా గీకాను. బూడిద రంగు ఉండ ఒకటి ఊడి వచ్చింది, పెసరబద్దంత ఉంది. ఇంత చిన్న రంధ్రంలో అంత ఎలా పట్టిందో! ఆ తర్వాత రెండు వైపులా ఎక్కుతోంది. గుండుసూది మాత్రం వాడొద్దు. అర మిల్లీమీటరు ఎడంలో ఉన్న రెండు గీతల్ని సూది కలిపేస్తే షార్ట్ అవుతుంది, పలక విరిగినా విరగొచ్చు.

దుమ్ము కాకపోతే అనుమానం కేబుల్ మీదికే పోవాలి. పిన్ను మొదట్లో, రోజూ వంగేచోట, లోపలి సన్నటి రాగి పోగులు ఒక్కొక్కటిగా తెగుతాయి. పైతొడుగు బాగానే ఉంటుంది కాబట్టి మనకి కనపడదు. పోగులు తగ్గితే నిరోధం పెరుగుతుంది. కేబుల్ నిరోధం పావు ఓం ఉందనుకుందాం. 2 ఆంపియర్లు పారితే అర వోల్టు దారిలోనే పోతుంది, ఫోన్‌కి 5 బదులు 4.5 వోల్టులు చేరతాయి. వోల్టేజీ పడిపోతోందని గమనించి ఫోన్ తీసుకునే కరెంటు తగ్గించుకుంటుంది. ఛార్జింగ్ గుర్తు ఉంటుంది, శాతం మాత్రం కదలదు. కంప్యూటర్‌కి తగిలించినా ఇలాగే అవుతుంది. పాత యూఎస్‌బీ 2.0 లెక్క ప్రకారం ఇచ్చేది 5 వోల్టుల దగ్గర అర ఆంపియరు, అంటే రెండున్నర వాట్లు. తెర వెలిగించి గేమ్ ఆడుతుంటే ఖర్చు అంతకన్నా ఎక్కువే. ఛార్జింగ్‌లో ఉండగానే శాతం తగ్గుతుంటే వింతేమీ లేదు.

ఇక్కడ అందరం చేసే పొరపాటు, కేబుల్‌నీ అడాప్టర్‌నీ ఒకేసారి మార్చేయడం. ఎక్కితే ఎక్కుతుంది కానీ తప్పు దేనిదో తెలియదు, చెడిపోయింది మళ్లీ డ్రాయర్‌లోకే చేరి ఆరు నెలల తర్వాత మళ్లీ టెన్షన్ పెడుతుంది. ఒకటి మార్చి చూడాలి, తర్వాతే రెండోది.

ఇక ఫోనే వద్దనే సందర్భాలు. బ్యాటరీని ఆనుకుని ఉష్ణోగ్రత కొలిచే చిన్న భాగం ఉంటుంది. సుమారు 45 డిగ్రీలు దాటితే ఛార్జింగ్ తగ్గుతుంది, లేదా ఆగిపోతుంది. సున్నా డిగ్రీల కిందా అంతే. చలిలో బ్యాటరీలోని లిథియం అయాన్లు (విద్యుదావేశమున్న లిథియం కణాలు) లోపలి గ్రాఫైట్ పొరల్లోకి దూరలేక, దాని మీదే లోహంలా పేరుకుంటాయి. ఆ నష్టం మళ్లీ పూడదు. వేడెక్కిన ఫోన్‌ని ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లున్నారు, లోపల తేమ పట్టి ఇంకో రోగం వస్తుంది. కవర్ తీసి నీడలో ఉంచితే చాలు. 80 శాతం దగ్గర ఆగిపోతే అసలు చెడిపోయిందే కాకపోవచ్చు. బ్యాటరీ ఎక్కువ కాలం మన్నాలని కొత్త ఫోన్లలో అలాంటి సెట్టింగ్ ఉంటుంది, ఓసారి చూడండి.

తేమ ఉందని హెచ్చరిక వస్తే దాన్ని దాటేసి ఛార్జింగ్ పెట్టకండి. తడిగా ఉన్న గీతల మీద వోల్టేజీ పడితే విద్యుద్విశ్లేషణ, అంటే కరెంటు వల్ల జరిగే రసాయన మార్పు, మొదలై లోహాన్ని తినేస్తుంది, పచ్చటి చిలుము పడుతుంది. ఫోన్‌ని రంధ్రం కిందికి ఉండేలా పట్టుకుని మెల్లగా తట్టి, గాలి ఆడేచోట వదిలేయండి. బియ్యం డబ్బాలో పెట్టడం వల్ల లాభం లేదు, బియ్యప్పొడి రంధ్రంలోకి పోతుంది.

వారాలపాటు సొరుగులో పడున్న ఫోన్ కథ వేరు. లిథియం అయాన్ బ్యాటరీ సెల్ సుమారు 3 వోల్టుల కిందికి దిగితే ఛార్జింగ్ సర్క్యూట్ మామూలు కరెంటు పంపదు, చుక్కచుక్కగా పంపుతుంది. తెర వెలిగించడానికి కూడా అది చాలదు. అరగంట ఓపికపట్టకుండా ‘ఫోన్ చచ్చిపోయింది’ అని తేల్చేయకండి. మరీ లోతుగా దిగిపోతే మాత్రం లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది, అలాంటి సెల్‌ని రక్షణ సర్క్యూట్ ఇక ఒప్పుకోదు. వీపు ఉబ్బినా, తెర అంచులు లేచినా ఛార్జింగ్ ప్రయత్నమే చేయొద్దు. అది లోపల వాయువు పట్టిన బ్యాటరీ, నొక్కకూడదు, పొడవకూడదు.

ఇవేవీ కాకపోతే రీస్టార్ట్ చేసి చూడండి. మీ ఫోన్‌కి వైర్‌లెస్ ఛార్జింగ్ ఉంటే ఆ ప్యాడ్ మీద పెట్టండి. ప్యాడ్ మీద ఎక్కి కేబుల్‌తో ఎక్కకపోతే బ్యాటరీ బాగున్నట్టే, దోషం దాదాపుగా ఆ రంధ్రానిదే. చాలా ఫోన్లలో అది మదర్‌బోర్డులో భాగం కాదు. కింది అంచున వేరే చిన్న బోర్డు మీద ఉంటుంది, ఒక బద్దీలాంటి కేబుల్‌తో పై బోర్డుకి కలుస్తుంది. విప్పడం తెలిసినవాళ్లకి దాన్ని మార్చడం పెద్ద పని కాదు.