జిగురు మిగలకుండా ఎక్స్‌టెన్షన్లు తీయడం: అపోహలు - వాస్తవాలు

పెళ్లిళ్ల ముహూర్తాలు ముగిసిన రెండు మూడు నెలలకు మా పార్లర్‌లో రద్దీ మళ్లీ పెరుగుతుంది. జడ ఒత్తుగా కనిపించాలని అతికించుకున్న ఎక్స్‌టెన్షన్లను తీయించుకోవడానికి అప్పుడు అమ్మాయిలు వస్తారు. అమ్మమ్మల కాలపు సవరంతో ఈ తంటా లేదు. దానిని జడలో కలిపి అల్లుకొని, రాత్రికి విప్పి పక్కన పెట్టేవారు. జిగురుతో అతికించిన జుట్టు అలా విడిరాదు. దానిని తీయడం గురించి ఇంట్లోనూ వీడియోల్లోనూ విన్న మాటలను నమ్మి, సగం పని సొంతంగా చేసుకొని, మిగిలిన సగం మా చేతిలో పెట్టేవారు చాలామంది ఉన్నారు.

అపోహ: జిగురు ఏదైనా జిగురే, ఒక రిమూవర్ సీసా ఉంటే చాలు.

వాస్తవం: తల మీద మరక మిగలడానికి మొదటి కారణం ఈ నమ్మకమే. వాడుకలో ఉన్న జిగుళ్లు ముఖ్యంగా మూడు రకాలు, ఒకదానికి పనిచేసే మందు మరొకదానికి పనిచేయకపోవచ్చు. బియ్యపు గింజలాంటి గట్టి ముక్క చిన్న పాయకు అంటుకొని ఉంటే అది కెరాటిన్ బాండ్. పేరులో కెరాటిన్, అంటే జుట్టులో ఉండే ప్రోటీన్, ఉన్నప్పటికీ చాలా బాండ్లలో ప్రధాన పదార్థం వేడికి కరిగి చల్లారగానే గట్టిపడే పాలిమర్, అంటే ప్లాస్టిక్ లాంటి పదార్థం. దీనికి ఆల్కహాల్ కలిసిన రిమూవర్ వాడాలి. ఆ రిమూవర్ బాండ్‌ను కరిగించి నీరు చేయదు, పెళుసుగా మారుస్తుంది. ఆ తరువాత ప్లయర్‌తో నొక్కితే అది పిండిపిండిగా విరుగుతుంది. రెండు పలుచని పట్టీల మధ్య సొంత జుట్టు ఇరుక్కొని ఉంటే అది టేప్. అందులోని యాక్రిలిక్ జిగురు ఎన్నాళ్లయినా పెళుసెక్కదు, తడితడిగానే ఉంటుంది. కాబట్టి దానిని విరగ్గొట్టే ప్రయత్నం వృథా. నారింజ తొక్క నూనెతో గానీ ఆల్కహాల్‌తో గానీ చేసిన టేప్ రిమూవర్‌ను రెండు పట్టీల అతుకులోకి ఇంకనిచ్చి, నెమ్మదిగా విడదీయాలి. మూడవది, కుట్టుపట్టీలాంటి పొడవైన వరుసను మాడు దగ్గర అతికించడానికి వాడే రబ్బరు జిగురు, అంటే లేటెక్స్. ఇది నూనెకు ఉబ్బి మెత్తబడుతుంది. చిన్న లోహపు రింగులు కనిపిస్తే మాత్రం అసలు జిగురే లేదని అర్థం. వాటిని ప్లయర్‌తో గుండ్రంగా తెరిచి జార్చివేస్తే సరిపోతుంది. అలాంటి తల మీద కూడా రిమూవర్ కుమ్మరించిన సందర్భాలు నేను చూశాను.

అపోహ: రాత్రి బాగా కొబ్బరినూనె పట్టించి పడుకుంటే తెల్లవారేసరికి ఊడిపోతాయి.

వాస్తవం: ఇది పూర్తిగా అబద్ధం కాదు, అందుకే ఇంత గట్టిగా నిలిచింది. లేటెక్స్‌కు కొబ్బరినూనె నిజంగానే పనిచేస్తుంది, అయితే నానడానికి తగినంత సమయం ఇవ్వాలి. టేప్‌ను నూనె కొంత జార్చుతుంది గానీ జిగురును జుట్టు వెంట పాముతుంది. కెరాటిన్ బాండ్‌కు దాని వల్ల ఉపయోగం లేకపోగా నష్టమే ఎక్కువ, ఎందుకంటే బాండ్ చుట్టూ నూనె పొర ఏర్పడితే ఆల్కహాల్ లోపలికి చేరదు. తలనిండా నూనెతో వచ్చిన వారికి ముందు జిడ్డు వదిలించే షాంపూతో తలస్నానం చేయించి, పూర్తిగా ఆరబెట్టిన తరువాతే నేను రిమూవర్ సీసా తెరుస్తాను. ఆ గంట అదనపు శ్రమే.

అపోహ: వేడితో అతికించారు కనుక స్ట్రెయిటెనర్‌తో వేడి చేస్తే ఊడుతుంది.

వాస్తవం: కరుగుతుంది, నిజమే. కరిగి జుట్టు పొడవునా సాగి, చల్లారగానే అక్కడే మళ్లీ గట్టిపడుతుంది. గింజంత చోట ఉన్న జిగురు జానెడు మేర పరుచుకుంటుంది.

అపోహ: నెయిల్ పాలిష్ రిమూవర్, లేదా ఇంట్లో ఉన్న కిరసనాయిలు రాస్తే పని అయిపోతుంది.

వాస్తవం: నెయిల్ పాలిష్ రిమూవర్లు చాలావాటిలో ఉండే అసిటోన్ మాడును, జుట్టును ఎండబెడుతుంది, కళ్లలో పడితే మండిస్తుంది, సులభంగా నిప్పంటుకుంటుంది. ఎక్స్‌టెన్షన్ కృత్రిమమైన పోగులతో చేసినదైతే కొన్ని రకాల పోగులను అది మెత్తబరచి ముద్ద చేస్తుంది. కిరసనాయిలు గురించి వేరే చెప్పనక్కరలేదు. వంటింటి పొయ్యి పక్కన నిలబడి ఇలాంటివి రాసుకున్న ఒక అమ్మాయి మా దగ్గరకు వచ్చినప్పుడు, జిగురు సంగతి తరువాత చూద్దామని ముందు ఆమె మాడు మంట తగ్గే వరకు వారం రోజులు ఆగమన్నాను. అన్నట్టు, ఆల్కహాల్ రిమూవర్‌కూ నిప్పంటుకుంటుంది. అది తడిగా ఉన్నప్పుడు డ్రయ్యర్ ఆన్ చేయకూడదు.

అపోహ: ఎక్స్‌టెన్షన్లు తీసినప్పుడు గుప్పెళ్ల కొద్దీ జుట్టు రాలిందంటే జిగురు కుదుళ్లను పీకేసినట్టే.

వాస్తవం: మామూలుగానే మనకు రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలుతాయి. మూడు నెలలు, అంటే 90 రోజులు లెక్కిస్తే తల మొత్తం మీద 4,500 నుంచి 9,000. బాండ్లలో చిక్కుకున్న పాయల వంతు వెంట్రుకలు ఇంతకాలం దువ్వెనకు రాక, బాండ్ విడిపోగానే ఒక్కసారిగా చేతికి వస్తాయి. రాలిన వెంట్రుక చివర చిన్న తెల్లని పొడి ముడి ఉంటే అది తనంతట తాను రాలినదే. ముడి లేకుండా మధ్యలో తెగి, పొట్టిగా ఉంటే అది తీసేవారి చేతి తప్పు కావచ్చు. అయితే నుదుటి అంచున, చెవుల పైన జుట్టు పలచబడి ఖాళీలు కనిపిస్తే, అది నెలల తరబడి లాగుడు వల్ల జుట్టు ఊడిపోయే ట్రాక్షన్ అలోపేసియా అనే సమస్య కావచ్చు. అప్పుడు పార్లర్‌కు కాదు, చర్మవైద్యుల దగ్గరకు వెళ్లాలి.

అపోహ: బాండ్లు తీసేశాక మిగిలిన జిగురు తలస్నానంతో పోతుంది.

వాస్తవం: ఈ ఒక్క మాట మానేస్తే నా పనిలో సగం తగ్గుతుంది. రాలి చిక్కుకున్న వెంట్రుకలు, విరిగిన బాండ్ పొడి, వాటి మీద పడిన నీళ్లు, ఈ మూడూ కలిస్తే కుదుళ్ల దగ్గర ఉన్ని ముద్దలాంటి చిక్కు బిగుస్తుంది. కుంకుడుకాయ నురుగు జిడ్డును వదిలిస్తుంది గానీ ఆరిన పాలిమర్‌ను ఏమీ చేయదు. కాబట్టి నీళ్లు తగలక ముందే శుభ్రం చేయడం పూర్తి కావాలి. బాండ్ విడిపోయిన ప్రతి పాయనూ వేళ్ల మధ్య జార్చి చూడండి. కంటికి కనిపించని గరుకు వేలికి తెలుస్తుంది. గరుకు తగిలిన చోట మళ్లీ రెండు చుక్కల రిమూవర్ వేసి, ప్లయర్‌తో నలిపి, కుదురు వైపు వేళ్లతో గట్టిగా పట్టుకొని, పేల దువ్వెనతో చివరల వైపు దువ్వాలి. కుదురు పట్టుకోకుండా దువ్వితే ఆ లాగుడు అంతా మాడు మీద పడుతుంది. తెల్లని పొడి రావడం ఆగే దాకా ఇదే పని. టేప్ అయితే పొడి రాదు, బంకలా ఉండలు కడుతుంది. ఆ ఉండలను గోటితో లాగకుండా, రిమూవర్‌లో ముంచిన దూదిని పాయకు రెండు వైపులా అదిమి కిందికి తుడవాలి. నూటికి పైగా బాండ్లు ఉన్న తలకు, ఒక్కోదానికి నిమిషం వేసుకున్నా, గంటన్నర దాటుతుంది. అరగంటలో తీసేస్తామని చెప్పేవారిని నేను నమ్మను. ఇదంతా అయ్యాకే జిడ్డు వదిలించే షాంపూ, ఆ తరువాతే కండిషనర్.

కత్తెరతో బాండ్ కింద కత్తిరిస్తే సరిపోతుందన్న సలహాకు జవాబు చిన్నదే: తెగేది మీ సొంత జుట్టు. వాటంతట అవే ఊడేదాకా ఆగుదామనుకోవడం కూడా మంచిది కాదు. జుట్టు నెలకు సుమారు సెంటీమీటరు పెరుగుతుంది కనుక, కిందికి జారిన బాండ్లు పక్కవాటితో మెలిపడతాయి. కెరాటిన్ బాండ్లను మూడు నాలుగు నెలల్లో, టేప్‌లను ఆరు నుంచి ఎనిమిది వారాల్లో తీయించుకోవాలి.

తీసిన ఎక్స్‌టెన్షన్ ఇక చెత్తబుట్టకే అన్న మాటను చాలామంది నమ్ముతారు. తిరుమల కల్యాణకట్టలో భక్తులు సమర్పించిన తలనీలాలను దేవస్థానం ఈ-వేలంలో అమ్ముతుంది, పొడవైన జుట్టు విగ్గులకూ ఎక్స్‌టెన్షన్లకూ చేరుతుంది. అలాంటి మనిషి జుట్టు మూడు నెలల్లో పనికిరాకుండా పోదు, అరిగేది జిగురు మాత్రమే. టేప్ పట్టీ మీద పాత జిగురును పూర్తిగా తుడిచి, ఆరబెట్టి, కొత్త టేప్ వేస్తే అదే జుట్టు మళ్లీ వాడుకోవచ్చు. తుడిచిన పట్టీ వేలికి కాస్త అంటుకున్నా కొత్త టేప్ నిలవదు కాబట్టి, నేను దానిని ఒక పూట ఆరనిచ్చి, వేలితో తడిమి చూసిన తరువాతే సంచిలో పెట్టి ఇస్తాను.