ఫ్యాక్టరీ ఇక్కడ, నామినేషన్ గుంటూరులో: చిత్తూరు సీమ పారిశ్రామికవేత్తలూ లోక్‌సభ దారీ

తిరుపతిలోనో చిత్తూరులోనో కంపెనీ నడిపే మనిషికి లోక్‌సభకు వెళ్లాలన్న ఆలోచన వస్తే, డబ్బు కంటే ముందు అడ్డొచ్చేది సీటు. పక్కపక్కనే ఉన్న ఈ రెండు స్థానాలూ ఎస్సీ రిజర్వుడే. రాష్ట్రంలోని 25 లోక్‌సభ స్థానాల్లో ఎస్సీలకు కేటాయించినవి నాలుగు: అమలాపురం, బాపట్ల, తిరుపతి, చిత్తూరు. అందులో సగం ఈ మూలనే ఉన్నాయి. తిరుపతి దశాబ్దాలుగా రిజర్వుడు. చిత్తూరు మాత్రం 2008 నియోజకవర్గాల పునర్విభజనలో మారి, 2009 ఎన్నికల నుంచి రిజర్వుడైంది. ఎస్సీ జనాభా శాతం ఎక్కువున్న చోట సీటు రిజర్వు చేయాలన్నది చట్టం చెప్పే సూత్రం, అది న్యాయమైనదే. ఇక్కడి పెద్ద పరిశ్రమల యజమానుల్లో ఆ వర్గాల వారు దాదాపు కనిపించకపోవడమే అసలు లోటు.

తిరుపతి దగ్గర కరకంబాడిలో బ్యాటరీల ఫ్యాక్టరీ ఉన్న గల్లా జయదేవ్ 2014లో మూడొందల యాభై కిలోమీటర్లు దాటి గుంటూరులో నామినేషన్ వేయడాన్ని ఈ నేపథ్యంలోనే చూడాలి. మదనపల్లె, పీలేరు, పుంగనూరు, తంబళ్లపల్లె ఉన్న రాజంపేట జనరల్ స్థానమే. కానీ ఆ ఏడాది పొత్తులో తెలుగుదేశం దాన్ని బీజేపీకి వదిలేసింది, అక్కడ పురందేశ్వరి పోటీ చేశారు.

వ్యాపారానికి అనుకూలంగా ఉంటూ, అటు అతివాదానికీ ఇటు ఉద్రేకానికీ పోకుండా మాట్లాడే రాజకీయం ఈ నేలకు కొత్త కాదు. 1957లో చిత్తూరు నుంచి గెలిచిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ లోక్‌సభ స్పీకర్‌గా పనిచేశారు. 1962లో బీహార్ గవర్నర్‌గా వెళ్తూ ఆయన సీటు వదులుకున్నారు. ఆ ఉప ఎన్నికలో గెలిచింది ఎన్.జి. రంగా. రైతు నాయకుడే అయినా, అప్పటికి ఆయన స్వతంత్ర పార్టీ అధ్యక్షుడు. ప్రతి పరిశ్రమకూ ప్రభుత్వ అనుమతి కావాలనే లైసెన్సు రాజ్యాన్ని, సహకార వ్యవసాయం పేరిట భూముల కలయికను వ్యతిరేకిస్తూ 1959లో పుట్టిన పార్టీ అది. దాని ముఖ్యుల్లో ఒకరైన మీనూ మసానీ టాటా సంస్థలో ఉన్నతోద్యోగం చేసి పార్లమెంటుకు వెళ్లినవారు. అంటే ఈ రోజు మనం కొత్తగా చూస్తున్నామనుకుంటున్న వ్యాపారి నాయకుడికి అరవై ఏళ్ల కిందటే ఒక పార్టీ ఉంది, ఆ పార్టీకి చిత్తూరు నుంచి ఎంపీ ఉన్నాడు.

ఆ దారి మూసుకుపోవడానికి రెండు కారణాలు. 1960లో చేసిన సవరణ ప్రకారం కంపెనీలు పార్టీలకు బహిరంగంగానే విరాళం ఇవ్వొచ్చు: ఏడాదికి 25 వేల రూపాయలు లేదా మూడేళ్ల సగటు నికర లాభంలో 5 శాతం, ఏది ఎక్కువైతే అది. 1969లో దాన్ని పూర్తిగా నిషేధించారు. లెక్కలో చూపి ఇచ్చే డబ్బు ఆగింది కానీ, ఎన్నికల ఖర్చు ఆగలేదు. 1985లో నిషేధం ఎత్తేసేనాటికి లెక్కకు రాని డబ్బుకు పార్టీలు అలవాటు పడిపోయాయి. రెండోది 1971 ఎన్నిక. దక్షిణ బొంబాయిలో నావల్ టాటా స్వతంత్ర అభ్యర్థిగా, రాజస్థాన్ ఝుంఝునూలో కె.కె. బిర్లా స్వతంత్ర పార్టీ తరఫున నిలబడి ఇద్దరూ ఓడిపోయారు. ఆ తర్వాత పెద్ద వ్యాపార కుటుంబాలు నేరుగా ఓటు అడగడం కంటే రాజ్యసభ దారినే ఎక్కువగా నమ్ముకున్నాయి.

చిత్తూరులో ఆ ధోరణికి భిన్నంగా గెలిచినవారు డి.కె. ఆదికేశవులు నాయుడు. మద్యం వ్యాపారంలో పైకొచ్చిన ఆయన 2004లో తెలుగుదేశం టికెట్‌పై చిత్తూరు ఎంపీ అయ్యారు. రాష్ట్రమంతా కాంగ్రెస్ గాలి వీచిన ఏడాది అది. 2008 జులైలో అణు ఒప్పందంపై వచ్చిన విశ్వాస పరీక్షలో పార్టీ విప్‌ను, అంటే ఎలా ఓటేయాలో పార్టీ ఇచ్చిన ఆదేశాన్ని కాదని కాంగ్రెస్ నాయకత్వంలోని యూపీఏ ప్రభుత్వానికి ఓటేశారు. అదే ఏడాది టీటీడీ చైర్మన్ అయ్యారు. ఆ ఓటును ఎవరు ఎలా అర్థం చేసుకున్నా, ఒక సంగతి గమనించాలి. ఫిరాయింపులను అడ్డుకోవడానికి 1985లో రాజ్యాంగంలోకి వచ్చిన పదో షెడ్యూలు తర్వాత, పార్టీ గుర్తుపై గెలిచిన ఎంపీకి మధ్యేమార్గం అంటూ ఓటింగులో ఏమీ మిగల్లేదు. విప్ జారీ అయితే పాటించాలి, లేదా సభ్యత్వం పోతుందన్న భయంతో బతకాలి. మితవాదం చూపించుకునే చోటు చర్చ మాత్రమే.

జయదేవ్ ఆ చోటును బాగా వాడుకున్నారు. ఆయన తండ్రి గల్లా రామచంద్ర నాయుడు 1985లో బ్యాటరీల కంపెనీ అమరరాజాను స్థాపించారు. తల్లి అరుణకుమారి చంద్రగిరి నుంచి నాలుగుసార్లు ఎమ్మెల్యే, మంత్రి. ఆమె తండ్రి పాటూరి రాజగోపాల నాయుడు 1977, 1980లో చిత్తూరు ఎంపీ. అమెరికాలో పెరిగి తిరిగొచ్చి కంపెనీ ఎండీ అయిన జయదేవ్ 2014, 2019లో గుంటూరు నుంచి గెలిచారు. రెండోసారి ఆధిక్యం 4,205 ఓట్లే. 2018 జులై 20న ప్రత్యేక హోదాపై తెలుగుదేశం పెట్టిన అవిశ్వాస తీర్మానంపై చర్చ మొదలుపెట్టింది ఆయనే. తీర్మానం 126-325 తేడాతో వీగిపోయింది. అయినా అంకెలతో, మర్యాద తప్పకుండా నిలదీసిన ఆ ప్రసంగాన్ని జనం గుర్తుపెట్టుకున్నారు.

కంపెనీ నడిపే అభ్యర్థి దగ్గర చట్టం ఏం చూస్తుందో ఇక్కడ కాస్త వివరంగా చెప్పుకోవాలి. ప్రజాప్రాతినిధ్య చట్టం 9ఎ సెక్షన్ ప్రకారం, తన వ్యాపారంలో భాగంగా సంబంధిత ప్రభుత్వానికి సరుకు సరఫరాకో, పనులు చేయడానికో కుదుర్చుకున్న ఒప్పందం ఇంకా నడుస్తుంటే అనర్హుడు. లెక్కలోకి తీసుకునేది నామినేషన్ల పరిశీలన రోజు. పని మొత్తం పూర్తిచేసి బిల్లు మాత్రమే రావాల్సి ఉంటే ఒప్పందం నడుస్తున్నట్టు కాదు. చాలామంది చిన్న కాంట్రాక్టర్లు దీన్ని తప్పుగా అర్థం చేసుకుని బిల్లు కోసం పోటీ వదులుకుంటారు. సొంత పేరు మీదున్న ఒప్పందం వేరు, లిమిటెడ్ కంపెనీ చేసుకున్నది వేరు. కంపెనీని చట్టం వేరే వ్యక్తిగా చూస్తుంది. 10వ సెక్షన్ మరొకటి చెబుతుంది: సంబంధిత ప్రభుత్వానికి 25 శాతానికి తక్కువ కాకుండా వాటా ఉన్న కంపెనీలో మేనేజరుగానో సెక్రటరీగానో ఉండి పోటీ చేయకూడదు. సహకార సంఘాలకు ఇది వర్తించదు. ప్రైవేటు కంపెనీ ఎండీ పదవికి రాజీనామా చేయాలని మాత్రం ఎక్కడా లేదు.

తర్వాత ఫారం 26 అఫిడవిట్, అంటే నామినేషన్‌తో ఇచ్చే ప్రమాణపత్రం. పాన్ నంబరు, ఐదేళ్ల ఆదాయం, భార్యాభర్తలవీ వారిపై ఆధారపడినవారివీ ఆస్తులు, అప్పులు, ప్రభుత్వ బకాయిలు, ప్రభుత్వంతో ఒప్పందాలు, కేసులు అన్నీ రాసి నోటరీ ముందో మేజిస్ట్రేటు ముందో ప్రమాణం చేయాలి. కంపెనీ మనుషులు పొరపాటు పడేది ఎక్కువగా ఇక్కడే. షేర్ల విలువ, భార్య పేరిట ఉన్న హామీలు, కుటుంబ ట్రస్టులు ఆడిటర్ దగ్గర ఒక లెక్కలో ఉంటాయి, అఫిడవిట్‌లో ఇంకో లెక్కలో పడతాయి. ఏ గడీ ఖాళీగా వదలకూడదు. రాయడానికేమీ లేకపోతే ‘లేదు’ అనో ‘వర్తించదు’ అనో రాయాల్సిందే. రిటర్నింగ్ అధికారి గుర్తుచేసినా నింపకపోతే నామినేషన్ తిరస్కరించవచ్చని 2013లో సుప్రీంకోర్టు తేల్చింది. డిపాజిట్ 25 వేలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 12,500. ఖర్చు పరిమితి 2022 నుంచి 95 లక్షలు. నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందు విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. ఫలితం వచ్చాక 30 రోజుల్లో లెక్క అప్పగించాలి. అప్పగించకపోతే మూడేళ్ల అనర్హత పడవచ్చు.

ఇంత చూసే చట్టంలో ఒక పెద్ద ఖాళీ ఉంది. లోక్‌సభ అభ్యర్థికి ‘సంబంధిత ప్రభుత్వం’ అంటే కేంద్రమే. ఎంపీకి, కేంద్రానికి మధ్య లావాదేవీని చట్టం కాపలా కాస్తుంది. ఫ్యాక్టరీ ప్రాణం మాత్రం రాష్ట్రం చేతిలో ఉంటుంది. 1974 నీటి చట్టం, 1981 గాలి చట్టం కింద నెలకొల్పడానికి ఒక అనుమతి, నడపడానికి మరొకటి కాలుష్య నియంత్రణ మండలి ఇవ్వాలి. నీటి చట్టం 33ఎ, గాలి చట్టం 31ఎ కింద మూసేయమని ఆదేశించవచ్చు, కరెంటు కోయమని డిస్కంకు (విద్యుత్ పంపిణీ సంస్థకు) చెప్పవచ్చు. సీసంతో నడిచే బ్యాటరీ పరిశ్రమకు ఈ నిఘా అవసరం కూడా. కార్మికుల రక్తంలో సీసం పెరిగితే దాన్ని రాజకీయం అని కొట్టేయలేం.

2021 ఏప్రిల్ చివర్లో కరకంబాడి, నూనెగుండ్లపల్లి ప్లాంట్లను మూసేయాలని మండలి ఆదేశించింది. అప్పటికి జయదేవ్ ప్రతిపక్ష ఎంపీ. నిబంధనలు పాటిస్తున్నామని కంపెనీ వాదించింది, మే నెలలో హైకోర్టు ఆ ఆదేశాల అమలును నిలిపివేసింది. 2022 డిసెంబరులో లిథియం సెల్ ఫ్యాక్టరీ కోసం తెలంగాణతో ఒప్పందం కుదిరింది: పదేళ్లలో 9,500 కోట్లు, మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో. ఆ ఆదేశాలు కాలుష్యం గురించా, కక్ష గురించా అన్న వాదన ఎటు తేలినా, అధికార పార్టీని విమర్శించే పారిశ్రామికవేత్త ప్రతి తనిఖీనీ అనుమానంతోనే చూడాల్సి వస్తుంది. ఆ తనిఖీలో నిజంగా తప్పు దొరికినా జనం నమ్మరు. నష్టపోయేది కార్మికుడు కూడా. 2024 జనవరిలో, వ్యాపారమూ రాజకీయమూ రెండూ మోయడం కుదరడం లేదంటూ జయదేవ్ క్రియాశీల రాజకీయాల నుంచి తప్పుకున్నారు.

2024 ఎన్నికల్లో తెలుగుదేశం గుంటూరు టికెట్ పెమ్మసాని చంద్రశేఖర్‌కు దక్కింది. వైద్య విద్యార్థులను పరీక్షలకు సిద్ధం చేసే ఆయన కంపెనీ యూవరల్డ్ ఉన్నది అమెరికాలోని టెక్సస్‌లో. దానికి మన మండలి అనుమతి అక్కర్లేదు, మన డిస్కం కరెంటూ అక్కర్లేదు. ఆయన గెలిచి కేంద్ర సహాయ మంత్రి అయ్యారు. చిత్తూరులో రెవెన్యూ సర్వీసు మాజీ అధికారి దగ్గుమళ్ల ప్రసాదరావు, తిరుపతిలో ఫిజియోథెరపిస్టు మద్దిల గురుమూర్తి గెలిచారు. 2014లో తిరుపతి నుంచి గెలిచిన వరప్రసాదరావు ఐఏఎస్ మాజీ అధికారి. 2009, 2014లో చిత్తూరు ఎంపీ శివప్రసాద్ వైద్యుడు, నటుడు. రిజర్వుడు స్థానాల నుంచి ఉద్యోగులు వచ్చారు, డాక్టర్లు వచ్చారు. ఫ్యాక్టరీ గేటు నుంచి మాత్రం ఇంకా ఎవరూ రాలేదు.