రెండు రకాల 600 మి.మీ.

ఫోకల్ లెంగ్త్ 300 మి.మీ. ఉన్న కెమెరా లెన్స్‌కు 2ఎక్స్ టెలికన్వర్టర్ (బొమ్మను రెండింతలు పెద్దది చేసే అదనపు కటకం) తగిలిస్తే అది 600 మి.మీ. అవుతుంది. అదే లెన్స్‌ను ఫోర్ థర్డ్స్ అనే చిన్న సైజు సెన్సర్ ఉన్న కెమెరాకు బిగిస్తే, అప్పుడూ ‘600తో సమానం’ అంటారు. టెలికన్వర్టర్‌తో రెండు స్టాపుల వెలుతురు పోతుంది; ఒక్కో స్టాపుకు సగం చొప్పున తగ్గి నాలుగో వంతే మిగులుతుంది. చిన్న సెన్సర్‌తో ఎక్స్‌పోజర్, అంటే సెన్సర్ మీద చదరపు మిల్లీమీటరుకు పడే వెలుతురు, రవ్వంత కూడా మారదు. చిన్న సెన్సర్‌తో వెలుతురు తగ్గుతుందా లేదా అని ఫొటోగ్రాఫర్ల మధ్య ఏళ్ల తరబడి సాగుతున్న వాదన పుట్టింది ఇక్కడే.

గోడ మీద ప్రొజెక్టర్ బొమ్మ పడుతోందనుకుందాం. దాని నడుమ ఒక చిన్న చట్రం పెట్టి, లోపలున్నంత మేరకే చూడండి. ఆ ముక్క వెలుగు ఏమీ తగ్గదు. ఇప్పుడు చట్రం తీసేసి ప్రొజెక్టర్‌ను రెట్టింపు దూరానికి జరపండి. బొమ్మ వైశాల్యం నాలుగింతలవుతుంది, ఉన్న వెలుతురే అంత మేరా పరచుకుని మసకబారుతుంది. చిన్న సెన్సర్ చట్రం లాంటిది. టెలికన్వర్టర్ చేసేది ప్రొజెక్టర్‌ను వెనక్కి జరిపే పని.

ఫిల్మ్ కాలంలో దీని మీద ఎవరూ తగువులాడుకోలేదు. 1925లో లైకా అనే చిన్న కెమెరా 24×36 మి.మీ. ఫ్రేముతో (దీన్నే 35 మి.మీ. ఫ్రేము, పూర్తి ఫ్రేము అంటారు) మార్కెట్లోకి వచ్చాక కూడా ఎక్స్‌పోజర్ లెక్కలు మార్చాల్సిన పని పడలేదు. వెలుతురు కొలిచే చేతి మీటరు లెన్స్ ద్వారానికి ఎఫ్ 8, షట్టర్‌కు 1/125 సెకను అని చూపిస్తే, ఫిల్మ్ స్పీడు (వెలుతురుకు స్పందించే గుణం) ఒకటే అయినంత వరకు అది చిన్న కెమెరాకూ పెద్ద కెమెరాకూ చెల్లేది. బొమ్మ పెద్దదైతే వెలుతురు పలచబడుతుందన్న సంగతి మాత్రం వారికి బాగా తెలుసు. దగ్గరి వస్తువు కోసం బెల్లోస్ (లెన్స్‌కూ ఫిల్మ్‌కూ నడుమ ఉండే మడతల గొట్టం) బాగా సాగదీసినప్పుడల్లా ఎక్స్‌పోజర్ పెంచుకునేవారు.

టెలికన్వర్టర్ కూడా ఆ కోవలోదే. పందొమ్మిదో శతాబ్దంలో ఆంగ్ల గణిత శాస్త్రవేత్త పీటర్ బార్లో టెలిస్కోపుకు జోడించిన పుటాకార కటకానికి ఇది దగ్గరి చుట్టం. 1960లలో లెన్స్ గుండా వచ్చే వెలుతురునే కొలిచే మీటర్లు వచ్చాయి. ఆ పైన టెలికన్వర్టర్ మింగిన వెలుతురును కెమెరాయే లెక్కలో వేసుకుంది. సదుపాయమే, కానీ ఆ లెక్క వేసే అలవాటు కూడా దాంతోనే పోయిందని నా అనుమానం.

తర్వాత డిజిటల్ వచ్చింది. 1999 నాటి నికాన్ డీ1లో సెన్సర్ 35 మి.మీ. ఫ్రేము కంటే చిన్నది, క్రాప్ ఫ్యాక్టర్ (ఆ ఫ్రేము సెన్సర్‌కు ఎన్నింతలన్న లెక్క) 1.5. పాత లెన్సులే వాడుతున్న వారికి చూపుకోణం ఎంత ఇరుకైందో చెప్పడానికి ‘సమాన ఫోకల్ లెంగ్త్’ అనే మాట పనికొచ్చింది. అది అమ్మకాల భాషలోకి చేరాక, లెన్సే పొడవు పెరిగినట్టు వినిపించసాగింది. పెరిగితే వెలుతురు తగ్గాలి కదా అని కొందరు, ఇక్కడ తగ్గలేదు కాబట్టి ఉచిత లాభమని ఇంకొందరు.

1995 నాటి నికాన్ ఈ2 కథ వేరు. దాని సెన్సర్ చాలా చిన్నది. అయినా దృశ్యాన్ని కత్తిరించకుండా, లోపలి కటకాలతో మొత్తం ఫ్రేమును కుదించి దాని మీద పడేసేవారు. వెలుతురు చిక్కబడి నాలుగు స్టాపుల వరకు కలిసొచ్చేది. 2013లో వచ్చిన స్పీడ్ బూస్టర్ అనే లెన్స్ అడాప్టర్‌దీ ఇదే సూత్రం, లాభం ఒక స్టాపు. రెండూ తలకిందులైన టెలికన్వర్టర్లే.

అయితే చిన్న సెన్సర్‌కు నిజంగా ఏ నష్టమూ లేదా? పూర్తి ఫ్రేము వైశాల్యం 864 చదరపు మి.మీ., ఫోర్ థర్డ్స్‌ది సుమారు 225. చదరపు మిల్లీమీటరుకు పడే వెలుతురు సమానమైనా, మొత్తంగా అందేది దాదాపు నాలుగో వంతే. నాయిస్ (బొమ్మలో కనిపించే గరుకుదనం) అక్కడి నుంచే వస్తుంది.

కొమ్మ మీది పక్షిని 300 మి.మీ. ఎఫ్ 2.8 లెన్స్‌తో తీస్తున్నామనుకోండి. 300ను 2.8తో భాగిస్తే వెలుతురు దూరే ద్వారం 107 మి.మీ. టెలికన్వర్టర్ పెట్టినా ఆ ద్వారం పెరగదు, కాబట్టి 600ను 107తో భాగిస్తే ఎఫ్ 5.6. షట్టర్‌ను 1/500 దగ్గరే ఉంచాలంటే ఐఎస్ఓ (ఫిల్మ్ స్పీడు లాంటిదే, సెన్సర్‌కు) నాలుగింతలు చేయాలి. చిన్న సెన్సర్‌కు ఆ పెంపు అక్కర్లేదు. కానీ రెండింటిలోనూ పక్షి నుంచి వచ్చే వెలుతురు ఆ 107 మి.మీ. ద్వారం గుండానే వస్తుంది. ఒకే తరం సెన్సర్లయితే, ఒకే సైజులో ప్రింటు తీసి పక్కపక్కన పెట్టినప్పుడు నాయిస్ ఇంచుమించు ఒకేలా కనిపిస్తుంది.