రిఫైనరీ పక్క బళ్ళ చరిత్ర: అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నంలో రిఫైనరీ పక్కనున్న మల్కాపురం, సింధియా వైపు పాత బళ్ళ చరిత్ర రాయబోయేవాళ్ళు ఎక్కువగా పొరబడే చోట్లు ఇవి.

అపోహ: రిఫైనరీ కంపెనీ వచ్చాకే ఇటువైపు జనం, చదువు వచ్చాయి.

కాల్టెక్స్ రిఫైనరీ మొదలైంది 1957లో. అప్పటికే హార్బరు తెరిచి 24 ఏళ్ళు, సింధియా షిప్‌యార్డుకి శంకుస్థాపన జరిగి 16 ఏళ్ళు. నగరంలో ఏ.వి.ఎన్. కాలేజీకి మూలమైన బడి అయితే 1860 నాటిది. ఫలానా బడి ఎప్పటిదో తేల్చాల్సింది అడ్మిషన్ రిజిస్టరు, కంపెనీ తేదీ కాదు.

అపోహ: గేటు మీది సంవత్సరమే బడి పుట్టిన సంవత్సరం.

చాలాసార్లు అది హైస్కూలుగా మారిన ఏడో, కొత్త భవనం కట్టిన ఏడో అయి ఉంటుంది. మొదటి రిజిస్టరు తొలి పేజీ తీయండి. ఒకటో నంబరు నుంచి పిల్లలంతా ఆరు, ఏడు తరగతుల్లో చేరి, 'ఇంతకుముందు చదివిన బడి' గడిలో ఒకే ఎలిమెంటరీ బడి పేరు వరుసగా ఉంటే, ఆ బడినే పెంచారేమో చూడాలి. అసలు వయసు ఆ పాత బడి రిజిస్టరులో దొరుకుతుంది. రబ్బరు ముద్రలూ చూడండి: 'డిస్ట్రిక్ట్ బోర్డు' 1959కి ముందుది, ఆ తర్వాత జిల్లా పరిషత్తు, పంచాయతీ సమితి. మండల పరిషత్తు ముద్ర అయితే 1985లో మండలాలు వచ్చాకే.

అన్నిటికన్నా విలువైన గడి 'తండ్రి వృత్తి'. చేపలవేట, వ్యవసాయం, కూలి అని రాసిన చోట ఖలాసీ, ఫిట్టరు, వెల్డరు ఏ ఏడు నుంచి కనిపిస్తున్నాయో ఏడాదివారీగా లెక్కకట్టండి. పక్కనే 'మాతృభాష' గడి కూడా. ఊరు మారిన తీరు ఈ రెండింటిలో తెలిసినంత బాగా ఏ సావనీరులోనూ తెలియదు.

అపోహ: పుట్టిన తేదీ గడి నమ్మదగినది.

జూలై 1 వరుసగా కనిపిస్తే అది మాస్టారు వేసిన అంచనా. మునిసిపల్ జనన రిజిస్టరుతో సరిచూడాలి.

అపోహ: ఫీజు 2-8-0 అంటే రెండు రూపాయల ఎనభై పైసలు.

కాదు, రెండు రూపాయల ఎనిమిది అణాలు, అంటే రెండున్నర. నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. సరిగ్గా రిఫైనరీ ఏడే కాబట్టి ఆ సంవత్సరపు పుస్తకాల్లో రెండు లెక్కలూ కలగాపులగంగా ఉండొచ్చు. అలాగే ఫస్ట్ ఫారం అంటే ఆరో తరగతి, సిక్స్త్ ఫారం అంటే పదకొండు. ఆపైన పీయూసీ (ప్రీ-యూనివర్సిటీ కోర్సు). ఇప్పటి పద్ధతి రెండేళ్ళ ఇంటర్ 1969-70లోగానీ రాలేదు.

అపోహ: హుద్‌హుద్ తుపానులో (2014) తడిసిన రిజిస్టరు ఇక పనికిరాదు.

ముందు టీసీ పుస్తకం కౌంటర్‌ఫాయిళ్ళు, హాజరు పట్టీలు, పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్షకు పంపిన పిల్లల పేర్ల జాబితాలు) వెతకండి, సగం పేర్లయినా తిరిగొస్తాయి. ఇకపై ఏదైనా తడిస్తే ఎండలో పెట్టొద్దు, అట్ట వంగి సిరా పాలిపోతుంది. నీడలో ఫ్యాను గాలికి ఉంచి, పది పేజీలకొక తెల్ల బ్లాటింగ్ కాగితం పెట్టి, అది తడిసినప్పుడల్లా మార్చాలి. అచ్చయిన న్యూస్‌పేపరు వాడితే మసి అంటుకుంటుంది. రెండు రోజులు దాటితే బూజు మొదలవుతుంది కనుక ఆలస్యం కూడదు. అతుక్కున్న పేజీలు లాగొద్దు. లామినేషన్ అసలే వద్దు, ఆ జిగురు మళ్ళీ ఊడదు.