ఆమ్డాల్ సూత్రం: 8 కోర్లుంటే 8 రెట్ల వేగమేనా?

శ్రీకాకుళం, విజయనగరం ఇంజినీరింగ్ కాలేజీల్లో కంప్యూటర్ల రూపకర్త జీన్ ఆమ్డాల్ (1922–2015) పేరు, పనిని పంచితే వేగం ఎంత పెరుగుతుందో చెప్పే ఒక ఫార్ములా దగ్గర వచ్చి, రెండు మార్కుల ప్రశ్నతో వెళ్లిపోతుంది. అపోహలు ప్రాజెక్టు మొదలుపెట్టాక బయటపడతాయి. కంప్యూటర్ ఆర్గనైజేషన్ పాఠం చెప్పేవాళ్లుగా ఇది రాస్తున్నాం.

అపోహ: కోర్లు (ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాలు) 8 ఉంటే ప్రోగ్రాం 8 రెట్ల వేగంతో నడుస్తుంది.

వాస్తవం: పలాసలో జీడి పిక్కలు కొట్టడం ఒక్కరికి 9 గంటల పని, ఆపైన ఒకే కాటా మీద తూకం 1 గంట అనుకోండి. కొట్టడానికి 8 మందిని పెడితే ఆ పని 68 నిమిషాల్లో అయిపోతుంది. తూకం మాత్రం గంటే. 10 గంటల పని 2 గంటల 8 నిమిషాలకు దిగింది, అంటే వేగం 4.7 రెట్లు. వందమందిని పెట్టినా 10 రెట్లు దాటదు, కాటా ఒక్కటే కదా! ఇక్కడ మనుషులే కోర్లు, తూకమే ప్రోగ్రాంలో పంచుకోలేని భాగం.

అపోహ: ప్రోగ్రాంలో పంచుకోగల భాగం ఎంతో ఊహించాల్సిందే.

వాస్తవం: కొలవొచ్చు. 1 థ్రెడ్‌తో (ఒక కోర్ మీద నడిచే పని పాయ), 4 థ్రెడ్లతో ఐదేసి సార్లు నడిపి, మధ్య విలువలు తీసుకోండి. వేగం 2.5 రెట్లు వస్తే (1 − 1/2.5) ÷ (1 − 1/4) = 0.8. అంటే 80 శాతం పంచుకోగలిగింది, మిగతా 20 శాతం వల్ల మీ గరిష్ఠ వేగం 5 రెట్లు. ఇక్కడ రెండు పొరపాట్లు తరచూ చూస్తాం. హైపర్‌థ్రెడింగ్ (ఒకే కోర్‌ను రెండుగా చూపించడం) లెక్కను అసలు కోర్లుగా తీసుకోవడం ఒకటి. రెండోది టర్బోను మరిచిపోవడం: ఒక్క కోరే పనిచేస్తున్నప్పుడు క్లాక్ (కోర్ నడిచే వేగం) ఎక్కువగా ఉంటుంది, అన్నీ పనిలోకి దిగితే తగ్గుతుంది, దాంతో మీ లెక్క అసలుకన్నా తక్కువ చూపిస్తుంది. బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పటి సెట్టింగుల్లో) టర్బో ఆపి కొలవండి.

అపోహ: ఫార్ములా ఆయనే రాశారు.

వాస్తవం: ఈ సూత్రానికి మూలమైన ఆయన 1967 నాటి పేపర్లో సమీకరణమే లేదు, వాదన మాటల్లో ఉంది.

అపోహ: ఆయన సిద్ధాంతకర్త మాత్రమే.

వాస్తవం: ఈ అపోహే మాకు ఎక్కువ బాధ. 1964 ఏప్రిల్ 7న ఐబీఎం ప్రకటించిన సిస్టమ్/360 కంప్యూటర్ల శ్రేణికి ఆయన ముఖ్య ఆర్కిటెక్ట్. చిన్న యంత్రానికి రాసిన ప్రోగ్రాం పెద్దదాని మీదా నడవాలన్నది దాని మూల నియమం. 1970లో ఐబీఎం వదిలి సొంత కంపెనీ పెట్టారు. 1975లో వచ్చిన దాని 470వి/6 కంప్యూటర్ ఐబీఎం సాఫ్ట్‌వేర్‌నే నడిపింది, చిప్‌లను గాలితోనే చల్లబరిచింది. 1980లో ట్రైలజీ అనే కంపెనీ పెట్టి, చిప్‌లు తయారయ్యే సిలికాన్ పలకను ముక్కలు చేయకుండా మొత్తం ఒకే చిప్‌గా వాడాలని చూశారు. పలక పెద్దదయ్యేకొద్దీ ఎక్కడో ఒక లోపం తప్పదు, అందుకే అదనపు సర్క్యూట్లు పెట్టుకోవాలి. ఆ ప్రయత్నం ఫలించలేదు.