సైకాలజిస్టుకు చికిత్స చేసే హక్కు ఎలా వచ్చింది

మనసు బాగోలేక సాయం వెతుక్కునేవారికి ముందుగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది: సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లాలా, సైకాలజిస్టు దగ్గరికా? సైకియాట్రిస్టు వైద్యవిద్య చదివిన డాక్టరు, మందులు రాస్తారు. సైకాలజిస్టు చదివేది మనస్తత్వ శాస్త్రం. పరీక్షలు చేసి సమస్యను అంచనా వేస్తారు, మాటలతోనూ అభ్యాసాలతోనూ చికిత్స చేస్తారు. ఇంతవరకూ చాలామందికి తెలిసిందే. అయితే సైకాలజిస్టు చికిత్స చేయవచ్చా అన్న దాని మీదే దశాబ్దాల పాటు గొడవ నడిచిందన్న సంగతి అంతగా తెలియదు. ఈ వృత్తికి ఇప్పుడున్న హద్దులు చాలావరకు ఆ గొడవలోనే పడ్డాయి.

మొదట్లో చికిత్స ఊసే లేదు. 1879లో విల్‌హెల్మ్ వుంట్ జర్మనీలోని లైప్‌జిగ్‌లో ప్రయోగశాల పెట్టి ఇంద్రియానుభవాలనూ, మనిషి స్పందించడానికి పట్టే సమయాన్నీ కొలిచేవారు. 1892లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ ఏర్పడినప్పుడు కూడా ఈ శాస్త్రం బోధనకూ ప్రయోగాలకూ పరిమితమైన విద్యే.

దాన్ని ప్రయోగశాల గడప దాటించింది ఒక బడిపిల్లాడు. 1896లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఉన్న లైట్నర్ విట్మర్ దగ్గరికి ఓ ఉపాధ్యాయురాలు పద్నాలుగేళ్ల విద్యార్థిని తీసుకొచ్చారు. ఎంత చెప్పినా ఆ అబ్బాయికి స్పెల్లింగ్ పట్టుబడటం లేదు. విట్మర్ వుంట్ శిష్యుడే, కొలతలూ ప్రయోగాలూ బాగా తెలిసినవారు. మనస్తత్వ శాస్త్రానికి ఏ కాస్త విలువున్నా అది ఇలాంటి పిల్లలకు చదువు చెప్పే టీచరుకు ఉపయోగపడి తీరాలన్నది ఆయన పట్టుదల. అబ్బాయిని పరీక్షిస్తే చూపులో లోపం బయటపడింది. కళ్లద్దాలు పెట్టించి, అతనికి సరిపడే పద్ధతిలో చదువు మొదలుపెట్టారు. ప్రపంచంలో మొట్టమొదటి సైకలాజికల్ క్లినిక్‌గా చెప్పుకునేది అలా మొదలైంది. 1907లో విట్మర్ ఈ పనికి క్లినికల్ సైకాలజీ అని పేరు పెట్టారు. పిల్లాడు మొద్దు అని తేల్చేయకుండా, ఎక్కడ తడబడుతున్నాడో వెతకడం దగ్గర ఈ వృత్తి పుట్టిందన్నది నాకు ఎంతో గౌరవం కలిగించే విషయం.

పారిస్‌లో సైకాలజిస్టు ఆల్ఫ్రెడ్ బినే ఉద్దేశమూ అదే. మామూలు తరగతిలో నెగ్గుకురాలేని పిల్లలను గుర్తించే మార్గం కోసం ఫ్రెంచి ప్రభుత్వం 1904లో ఒక సంఘం వేసింది. 1905లో బినే, థియోడోర్ సిమోన్ కలిసి 30 అంశాల పరీక్ష తయారుచేశారు. ఎవరికి అదనపు సాయం కావాలో తెలుసుకోవడమే దాని ప్రయోజనం. తెలివి పుట్టుకతో స్థిరపడిపోయే కొలత అన్న వాదాన్ని బినే గట్టిగా ఖండించారు, సాధనతో పెరుగుతుందన్నారు. ఆయన 1911లో చనిపోయారు.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే బాధేస్తుంది. అదే పరీక్షను అమెరికన్ సైకాలజిస్టు హెన్రీ గొడార్డ్ తన దేశానికి తీసుకెళ్లి, న్యూయార్క్ రేవులోని ఎల్లిస్ ఐలండ్‌లో ఓడ దిగిన వలసదారుల మీద ప్రయోగించారు. భాష రాని, ప్రయాణంతో అలిసిపోయిన మనుషుల్లో ఎక్కువమందికి మందబుద్ధి అన్న ముద్ర పడింది. మొదటి ప్రపంచ యుద్ధంలో మరో అమెరికన్ సైకాలజిస్టు రాబర్ట్ యెర్క్స్ బృందం చదువొచ్చిన సైనికులకు ఆల్ఫా, రానివారికి బొమ్మలతో బీటా అనే పరీక్షలు తయారుచేసి, 17 లక్షల మందికి పైగా సైనికులకు పెట్టింది. ఆ లెక్కల ఆధారంగా సైకాలజిస్టు కార్ల్ బ్రిగమ్ 1923లో జాతులకు తెలివి వరసలు కట్టారు. 1930లో ఆయనే ఆ నిర్ధారణలకు ఆధారం లేదని ఒప్పుకున్నారు. అప్పటికే, 1924లో, వలసలను కుదించే చట్టం వచ్చేసింది. ఆ చట్టానికి కారణాలు ఇంకా ఎన్నో ఉన్నాయి గానీ, వలసదారుల పట్ల నాటి వ్యతిరేకతకు శాస్త్రం ముద్ర వేసిన బాధ్యత ఈ పరీక్షలది కాదనలేం. తప్పు పరీక్షదా, వాడినవాళ్లదా అన్న వాదన ఇప్పటికీ ఉంది. 1979లో కాలిఫోర్నియాలో ఓ ఫెడరల్ న్యాయమూర్తి, నల్లజాతి పిల్లలను వెనుకబడినవారి తరగతుల్లో వేయడానికి ఐక్యూ పరీక్షలు వాడకూడదని తీర్పు చెప్పారు.

రెండో ప్రపంచ యుద్ధం దాకా సైకాలజిస్టుల పనిలో పెద్ద భాగం పరీక్షలే. పరీక్ష పెట్టి నివేదిక రాసిస్తే, రోగం పేరు చెప్పి చికిత్స చేసేది డాక్టరు. యూరప్‌లోనూ ఈ పట్టింపు తక్కువేం కాదు. డాక్టరు కాని థియోడోర్ రైక్ మనోవిశ్లేషణ (రోగిని స్వేచ్ఛగా మాట్లాడనిచ్చి మనసు లోతులు వెతికే చికిత్స) చేస్తున్నారని వియన్నాలో ఫిర్యాదు వస్తే, ఈ పనికి వైద్య పట్టా అక్కర్లేదని ఆ పద్ధతికి ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్ 1926లో ఏకంగా పుస్తకమే రాశారు. అయినా అమెరికాలోని మనోవిశ్లేషకుల సంఘాలు తలుపు తెరవలేదు. 1938లో అక్కడికి వెళ్లిన రైక్‌కు న్యూయార్క్ సంఘం పూర్తి సభ్యత్వం ఇవ్వలేదు. చివరికి 1985లో కొందరు సైకాలజిస్టులు కోర్టుకెక్కితే గానీ మనోవిశ్లేషణ శిక్షణలు వారికి పూర్తిగా అందుబాటులోకి రాలేదు.

ఈలోగా అమెరికన్ సైకాలజిస్టు కార్ల్ రోజర్స్ వేరే దారి వేశారు. రోగి చెప్పేది శ్రద్ధగా వినడం, తీర్పు చెప్పకపోవడం, సలహాలు కుమ్మరించకపోవడం ఆయన పద్ధతి. 1942 నాటి పుస్తకంలో ఒక చికిత్స మొత్తాన్ని, మొదటి మాట నుంచి చివరి మాట వరకు, రికార్డింగ్ నుంచి ఎత్తి రాసి అచ్చువేశారు. తలుపులు మూసిన గదిలో ఏం జరుగుతుందో ఎవరైనా చదివి తప్పొప్పులు ఎంచవచ్చు. పరిశోధన నేర్చిన మనిషి చికిత్సలోకి వస్తే ఏం మారుతుందో చూపడానికి నేనైతే ఇదే ఉదాహరణ చెప్తాను.

మాటలతో తేలని తగువును రెండో ప్రపంచ యుద్ధం తేల్చేసింది. మానసికంగా దెబ్బతిని తిరిగొచ్చిన సైనికులతో అమెరికా ఆసుపత్రులు నిండిపోయాయి, సైకియాట్రిస్టులు చాలలేదు. మాజీ సైనికుల వ్యవహారాల శాఖ 1946లో విశ్వవిద్యాలయాలతో కలిసి క్లినికల్ సైకాలజిస్టులను తయారుచేసే పని చేపట్టింది. 1949లో కొలరాడోలోని బౌల్డర్‌లో జరిగిన సదస్సు శిక్షణ ఎలా ఉండాలో నిర్ణయించింది: పరిశోధనా రావాలి, చికిత్సా రావాలి.

ఆ వెంటనే గట్టి సవాలు ఎదురైంది, అదీ సొంత మనిషి నుంచే. మాటలతో చేసే చికిత్స నిజంగా పనిచేస్తోందనడానికి ఆధారాలు లేవని బ్రిటన్ సైకాలజిస్టు హాన్స్ ఐసెంక్ 1952లో రాశారు. చాలామందికి కోపం వచ్చింది, కానీ ఆ వ్యాసమే పరిశోధనలకు ఊపు తెచ్చింది. 1977లో మేరీ లీ స్మిత్, జీన్ గ్లాస్ 375 అధ్యయనాలను కలిపి లెక్కగట్టి, చికిత్స పొందిన సగటు మనిషి పరిస్థితి పొందనివారిలో 75 శాతం మంది కంటే మెరుగ్గా ఉందని చూపించారు.

చట్టం నెమ్మదిగా వెనకాలే వచ్చింది. అమెరికాలో సైకాలజిస్టుల గుర్తింపుకు 1945లో కనెక్టికట్ మొదటి చట్టం చేస్తే, 1977లో మిస్సోరీతో అన్ని రాష్ట్రాలూ పూర్తయ్యాయి. 2002లో న్యూ మెక్సికో రాష్ట్రం అదనపు శిక్షణ పొందిన సైకాలజిస్టులకు మందులు రాసే అనుమతి కూడా ఇచ్చింది. ఆ తర్వాత మరికొన్ని రాష్ట్రాలు అదే దారి పట్టినా, డాక్టర్ల సంఘాల అభ్యంతరం ఆగలేదు. బ్రిటన్‌లో 2009 నుంచి క్లినికల్ సైకాలజిస్టు, కౌన్సెలింగ్ సైకాలజిస్టు వంటి హోదాలు పెట్టుకోవాలంటే నమోదు తప్పనిసరి. ఒట్టి సైకాలజిస్టు అన్న పేరుకు మాత్రం ఆ రక్షణ లేదు. అందుకే అక్కడ సాయం కోసం వెళ్లేవారు బోర్డు మీద ఆ ఒక్క మాట చూసి ఆగిపోకుండా, పూర్తి హోదా ఏమిటో, అధికారిక రిజిస్టరులో పేరుందో లేదో చూసుకోవాలి.